కత్తిరించిన మూల

ఆ వారమంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆఫీసులో బల్ల కింద ఫోను, ఇంట్లో వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్. కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడమచేత్తో మీట నొక్కడం, పేజీ మళ్ళీ తెరుచుకునేదాకా ఊపిరి బిగబట్టడం, ఎంతమంది చూశారో చెప్పే అంకె మారిందా లేదా అని కళ్ళు చికిలించడం. మారితే ఒక్క నిమిషం ప్రాణం కుదుటపడేది. రెండో నిమిషానికి మళ్ళీ చెయ్యి దురద.

"ఏమే కేతకీ, పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూడవు గానీ, దాన్ని మాత్రం రెప్పవాల్చకుండా చూస్తావు. అదేమైనా గుడ్లు పెడుతుందా?" అనేది పిషీ.

పిషీ అంటే మా నాన్నకు అక్క. డెబ్బై రెండేళ్ళు. నోట్లో సగం పళ్ళు లేవు, అయినా మాటకు పదును తగ్గలేదు. బెహాలాలో రెండు గదుల ఇంట్లో ఆవిడా నేనూ ఉంటాం. నేను రోజూ చిత్‌పూర్ రోడ్డు దాకా వెళ్ళి ఒక అచ్చుకూటంలో అగరొత్తుల పెట్టెలకూ సబ్బు కాగితాలకూ బొమ్మలు వేస్తాను. గులాబీ ఎరుపు చాల్లేదని ఒకడంటాడు, నెమలి లావైందని ఇంకొకడంటాడు. పదమూడేళ్ళుగా అవే గులాబీలు, అవే నెమళ్ళు. ఆ విసుగులోంచి పుట్టిందే నా బ్లాగు.

దాని పేరు 'ఆజ్ కీ దేఖ్‌లామ్', అంటే ఇవాళ ఏం చూశాను అని. రోజుకొక వింత. ఎక్కడికీ వెళ్ళని మెట్లు. ఆరు వేళ్ళ చెయ్యి అచ్చయిన అగ్గిపెట్టె. బట్టల కొట్టులో ఆడబొమ్మకు మీసాలు దిద్ది మగచొక్కా తొడిగిన యజమాని తెలివి. పాత అంబాసిడర్ కారు సీటును కుర్చీ చేసుకున్న మంగలి. వీధిలో దొరకని రోజున ఇతర దేశాల బ్లాగుల నుంచి తెచ్చేదాన్ని. పోర్చుగల్‌లో ఒకాయన రోడ్డు మీద పడిపోయిన ఒంటరి చేతితొడుగుల్ని తప్ప మరొకటి ఫొటో తీయడు. జపాన్‌లో ఒకావిడ ఏ గిన్నెలోనూ పట్టని చెంచాలు తయారు చేస్తుంది.

అలా తెచ్చినప్పుడు బ్లాగులోకంలో ఒక నీతి ఉంది. తీసినవాళ్ళ పేరు, చేసినవాళ్ళ పేరు, ఏ బ్లాగులో చూశామో ఆ బ్లాగు పేరు, అన్నీ టపా కింద రాయాలి. రాయకపోతే దొంగ అంటారు. నేను ఆ విషయంలో మహా నిష్ఠాపరురాలిని. పోర్చుగల్ ఆయన పేరులో అక్షరం మీద ఒక గీత మర్చిపోయానని అర్ధగంటసేపు బాధపడి దిద్దిన దాన్ని. మా వీధుల్లో దొరికినవాటి కింద మాత్రం 'కళాకారుడు: ఎవరో' అని రాసేదాన్ని. ఎవర్నీ అడగకూడదు, దేన్నీ కదపకూడదు, ఒక్క వాక్యంలో నవ్వించాలి అన్నది నా నియమం. అడిగితే వింత చచ్చిపోతుందని నా సిద్ధాంతం.

ఇంత నిష్ఠ చేసినా రోజుకు చూసేవాళ్ళు రెండు వందల పద్నాలుగు మంది. అందులో పదిసార్లు నేనే.

ఇది ఫోన్లలో బొమ్మలు చేతులు మారడం అప్పుడప్పుడే మొదలైన రోజుల మాట. దుర్గాపూజకు నెలరోజులుంది. ఆఫీసు నుంచి వస్తుంటే వాన పట్టుకుంది, ఒక సందు మొదట్లో రేకుల షెడ్డు కిందకు దూరాను. అక్కడ గోడకు ఆనించి నిలువెత్తు రేకు మీద కొత్తగా వేసిన సింహం. ఒళ్ళు సింహానిదే. పసుపు రంగు, బలిసిన పంజాలు, కుచ్చుతోక. మొహం మాత్రం పొడుగ్గా గుర్రం మొహం. పెద్ద ముక్కుపుటాలు, బుద్ధిగా మూసుకున్న పెదాలు, నడినెత్తిన పాపిడి తీసి దువ్వినట్టున్న జూలు. ఆఫీసుకు ఆలస్యంగా వచ్చి అధికారి ముందు నిలబడ్డ మనిషిలా ఉంది. ఒక్కదాన్నే పకపకా నవ్వాను. షెడ్డులో ఎవరూ లేరు. కెమెరా తీసి నొక్కాను.

ఇంటికొచ్చి బొమ్మను చదరంగా కత్తిరించాను. నా బ్లాగులో బొమ్మలన్నీ చదరమే, అదొక పట్టుదల. కింద కుడిమూలలో ఒక జత చెప్పులు, తాగి పడేసిన మట్టి టీ కప్పు, ఏవో అక్షరాలు అడ్డంగా ఉంటే అవి పోయాయి. కింద ఇలా రాశాను: 'ఈ సింహానికి తల్లి గుర్రం, తండ్రి గుమాస్తా. కళాకారుడు: ఎవరో.'

మర్నాడు మధ్యాహ్నానికి నాలుగు వేలు. సాయంత్రానికి పదకొండు వేలు. ఎవరో సింహం మెడకు టై కట్టారు. ఎవరో చంకలో ఫైలు పెట్టారు. ట్రాము కోసం నిలబెట్టారు, రేషన్ వరుసలో నిలబెట్టారు. 'మా హెడ్‌క్లర్కు అచ్చం ఇలాగే ఉంటాడు' అని మూడొందల వ్యాఖ్యలు. ఒక పేపరువాళ్ళు ఆదివారం పేజీలో వేశారు. ఐదో రోజుకు నలభై ఒక్క వేలు. నాకు నిద్రలేదు, ఆకలి లేదు, సంతోషం కూడా సరిగ్గా లేదు, ఆ అంకె ఆగిపోతుందేమోనన్న భయం తప్ప. తర్వాతి వింత దీన్ని మించాలి కదా అని బస్సులో కూర్చోలేక ఇటొక కిటికీ అటొక కిటికీ మారుతూ రోడ్లు గాలించాను.

ఆరో రోజున టపా కింద ఒక కొత్త వ్యాఖ్య వచ్చింది.

'దీదీ, నమస్కారం. ఆ సింహం మా వీధి పూజది. ఇరవయ్యారేళ్ళుగా పందిరి గేటుకు రెండు పక్కలా, బోర్డులు రాసే మా గోష్ఠ-దా వేసిన సింహాలే పెడుతున్నాం. అలవాటైపోయి మాకు తెలియలేదు. మీరు కళ్ళు తెరిపించారు. ఈ ఏడు ఆయన్ని మానిపించేశాం. పక్క వీధివాళ్ళలాగా థీమ్ పందిరి వేస్తున్నాం. తప్పకుండా వచ్చి ఫొటో తీసి పెట్టండి. ఇట్లు, బుల్టు సాహా, క్లబ్బు సెక్రటరీ.'

ఆయన్ని 'దా', అంటే అన్న, అంటూనే చివర్లో ఒక నవ్వుమొహం కూడా పెట్టాడు.

నాలుగుసార్లు చదివాను. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి. ఈ కృతజ్ఞతకేం చెప్పాలి? ల్యాప్‌టాప్ ఎత్తుకుని పిషీ దగ్గరికి వెళ్ళి, జరిగిందంతా చెప్పి, బొమ్మ చూపించాను.

పిషీ కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి చూసింది. "బాగా వేశాడే. ఇందులో నవ్వడానికేముంది?"

"గుర్రం మొహం పిషీ! సింహానికి!"

"గుర్రం మొహం కాక నీ మొహం పెడతారా? వైష్ణవుల ఇళ్ళలో అమ్మవారి సింహానికి గుర్రం మొహమే. మన శ్రీరాంపూర్ ఇంట్లో కూడా అంతే. మాంసం తినే మొహం ఆ గడప తొక్కకూడదని మా అమ్మ చెప్పేది. నిజమో కాదో ఆ తల్లికే తెలియాలి."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు అడిగావు? ఆ నడవాలో ఏముందో పోయి చూడు."

నడవాలో గోడకు మా తాతగారింటి చివరి పూజ ఫొటో ముప్ఫై ఏళ్ళుగా వేలాడుతోంది. రోజుకు ఇరవైసార్లు దాని పక్కనుంచి నడుస్తాను. అందులో దుర్గ కాళ్ళ దగ్గర పొడుగుమొహం సింహం, దాని ముక్కుపుటంలో వేలు దూర్చి, రిబ్బన్లు కట్టుకుని, ఆరేళ్ళ నేను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన ఆవిడ సామెత విని నవ్వేదాన్ని, ఇప్పుడు ఆ ఆవిడ నేనే. సిగ్గుతో తల తీసేసినట్టయింది.

ఆ పూటే పెద్ద టపా రాశాను. గుర్రపుమొహం సింహం చరిత్ర, నా అజ్ఞానం, నా క్షమాపణ, తాతగారింటి ఫొటో. రెండు రోజుల్లో దాన్ని చూసినవాళ్ళు అరవై ముగ్గురు. ఒకడు 'చాలా పొడుగుంది, టై కట్టిన సింహం ఎక్కడ?' అని రాశాడు. అటుపక్క పాత టపా మీద అంకె ఇంకా పెరుగుతూనే ఉంది. ఇక భరించలేక ఆ పాత టపాను చెరిపేశాను. మీట నొక్కగానే ఏదో పాపం కడిగేసుకున్నట్టనిపించింది. తీరా చూస్తే ఆ సింహం అప్పటికే ఊరంతా ఉంది, నేను చెరిపింది నా గుమ్మంలో ముగ్గు మాత్రమే.

మర్నాడు బుల్టు క్లబ్బుకు వెళ్ళాను. నలభై ఏళ్ళవాడు, బొద్దుగా, చేతికి నాలుగు దారాలు. క్యారమ్ బల్ల దగ్గర నుంచి లేచొచ్చి కుర్చీ వేశాడు.

"అరెరె, దీదీ! మీరొస్తారని కలలో కూడా అనుకోలేదు. టీ చెప్పనా?"

"టీ వద్దు. గోష్ఠ-దా సింహాలు పెట్టండి. తప్పు నాది. అది పాత పద్ధతి, నాకు తెలియక రాశాను."

"పాతదని మాకు తెలీదా దీదీ? పాతదే కదా గొడవ. పక్క వీధివాళ్ళు మమ్మల్ని చూసి సకిలిస్తున్నారు. నిజంగా సకిలిస్తున్నారు, హిహిహి అని! నిన్న చేపల మార్కెట్లో కూడా."

"నాలుగు రోజులుంటే మర్చిపోతారు."

"మా వీధి సంగతి మీకు తెలీదు. మా నాన్న ఒకసారి ధోవతి జారి పడ్డాడు. ఆయన పోయి పదేళ్ళైంది, ఇంకా చెప్పుకుంటున్నారు." బుల్టు గొంతు తగ్గించాడు. "పైగా వెదుర్లు వచ్చేశాయి. ఈసారి సముద్రం అడుగు థీమ్. గేటు దగ్గర తిమింగలం. మీరే చెప్పండి, తిమింగలం పక్కన గుర్రాన్నెలా పెట్టేది?"

"గోష్ఠ-దాకు ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను. కాగితం మీద మీ బొమ్మ అచ్చు తీసి ఇచ్చాను. 'చూసుకో, ప్రపంచమంతా ఏమంటోందో' అన్నాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు."

అక్కడి నుంచి షెడ్డు పది అడుగులు. ఆ పది అడుగులు నడవడానికి సందు చివరిదాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాను. మూడోసారి ఆయనే పిలిచాడు.

"ఎవరి కోసం దీదీమణీ? బోర్డు రాయించాలా?"

గోష్ఠబిహారి సూత్రధర్ సన్నగా, పొట్టిగా, చెవి వెనక కుంచెతో ఉన్నాడు. ఒక హోమియోపతి డాక్టరు బోర్డు మీద అక్షరాలు దిద్దుతున్నాడు. రెండు సింహాలూ గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీద పాత చీర కప్పి ఉంది.

"బోర్డు కాదు. మీ సింహాలు..."

"అవి ఈ ఏడు లేవమ్మా." జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. "ఇది చూశారా? మీరు చదువుకున్నవాళ్ళలా ఉన్నారు. ఇది పెట్టిందెవరో కనుక్కోవచ్చా?"

"నేనే," అన్నాను.

ఆయన కుంచె డబ్బాలో పెట్టాడు. నా వైపు చూసి, నా భుజానికున్న కెమెరా సంచి వైపు చూశాడు. నేను గడగడా చెప్పుకుపోయాను. వాన, షెడ్డు, అచ్చుకూటం, నేనూ బొమ్మలేసే మనిషినేనని, మా తాతగారింట్లోనూ అదే సింహమని. చెబుతున్నంతసేపూ నా వేళ్ళు సంచి జిప్పును తీస్తూ మూస్తూనే ఉన్నాయి.

"నవ్వారా?" అన్నాడు.

"నవ్వాను."

"నవ్వితే తప్పేముంది? గేటు దగ్గర పిల్లలు ప్రతి ఏడూ నవ్వుతారు. కోరలు పెట్టి ఎర్రటి నోరు తెరిస్తే పసివాడు జడుసుకుని ఏడుస్తాడు, ఇక లోపలికేం వస్తాడు? నాకు పని నేర్పిన మా ఓస్తాద్ చెప్పేవాడు, సింహం చుట్టాన్ని పిలిచినట్టుండాలిరా అని." కాగితం మడత విప్పి ఒళ్ళో పరిచాడు. "ఎంతమంది చూశారన్నాడు బుల్టు?"

"నలభై ఒక్క వేలు. ఇంకా ఎక్కువే అయి ఉంటుంది."

"నలభై ఒక్క వేలు!" అన్నాడు. తర్వాత కాగితం కుడిమూల మీద వేలు పెట్టాడు. రంగు ఎండిన పసుపు వేలు. "మరి ఇక్కడ నా పేరుండాలే? పేరు, కింద ఫోను నంబరు. ఎప్పుడూ ఈ పంజా కిందే రాస్తాను. కాగితంలో లేదేంటా అని వారం రోజులుగా చూస్తున్నాను. మీ మెషీను మింగేసిందా?"

"నేనే కత్తిరించాను."

"ఎందుకు?"

"చదరంగా ఉంటే బాగుంటుందని."

ఆయన లేచి చీర తొలగించాడు. పంజా కింద ఎర్ర అక్షరాలు, బెత్తెడు పొడవున. గోష్ఠబిహారి సూత్రధర్, ఆర్టిస్ట్. పక్కన పది అంకెలు. నేను 'ఎవరో' అని రాసిన మనిషి.

"మీరూ బొమ్మలేస్తారన్నారు కదా. మీ అగరొత్తుల పెట్టె మీద మీ పేరుంటుందా దీదీమణీ?"

"ఉండదు."

"అయితే మీకు తెలిసుండాలే," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. పదమూడేళ్ళు పేరు లేకుండా నెమళ్ళు వేసిన దాన్ని, ఒక మనిషి పేరును నా చేత్తో కోసి పారేశాను, అదీ అందం కోసం. ఏడుపు వచ్చింది. ఏడ్చాను.

ఆయన కంగారుపడి తుడుచుకోమని రంగులు అంటిన గుడ్డ ఇచ్చాడు. "అబ్బే, ఏడవకండి. ఇప్పుడు పెట్టేయండి, అయిపోతుంది. అదే చోట, నలభై ఒక్క వేలమంది చూసినచోట, కింద నా పేరు రాసేయండి."

"అది తీసేశాను గోష్ఠ-దా. సిగ్గేసి, మొత్తం చెరిపేశాను."

"ఓహో," అన్నాడాయన. మళ్ళీ కుంచె తీసుకుని డాక్టరు బోర్డు వైపు తిరిగాడు.

ఇంటికెళ్ళి కెమెరాలోని అసలు ఫొటో తీశాను. చెప్పులు, టీ కప్పు, పేరు, నంబరు, అన్నీ ఉన్నాయి. కొత్తగా పెట్టాను. చూసినవాళ్ళు పందొమ్మిది మంది. అప్పుడు మొదలుపెట్టాను. ఆ సింహం ఎక్కడెక్కడుందో వెతికి, టై కట్టినవాడికీ ఫైలు పెట్టినవాడికీ ఒక్కొక్కరికే రాశాను: 'దీన్ని గీసినవారు గోష్ఠబిహారి సూత్రధర్. ఇది ఆయన నంబరు. దయచేసి కింద రాయండి.' మహాలయ అమావాస్య వెళ్ళింది, వీధుల్లో డోళ్ళు వాయించే ఢాకీలు దిగారు, నేను రాస్తూనే ఉన్నాను. మూడు వందల పన్నెండు చోట్లకు రాశాను. ఎక్కువమంది పలకలేదు. ఒకడు 'నువ్వెవరమ్మా మధ్యలో? ఈ బొమ్మ మాది' అన్నాడు. పేపరువాళ్ళు స్థలం లేదన్నారు. మొత్తానికి పదకొండు చోట్ల ఆయన పేరు చేరింది. ఇప్పుడు కూడా మీట నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టింది, కానీ ఈసారి లెక్కపెట్టేది వేరే అంకె.

"నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండనీ, కాస్త అన్నం తిను," అనేది పిషీ.

అష్టమి నాడు పిషీని రిక్షాలో ఆ వీధికి తీసుకెళ్ళాను. గేటు దగ్గర తిమింగలం నోరు తెరుచుకుని ఉంది, దాని కడుపులోంచి జనం వరుసగా వెళ్తున్నారు. ఒక పిల్లవాడు లోపలికి రానని తల్లి కొంగు పట్టుకుని ఒకటే ఏడుపు. షెడ్డు తలుపు మూసి ఉంది. పిషీ రేకుల సందులోంచి లోపలికి చూసింది. "చీర కప్పి పెట్టారే, పండగపూట," అంది.

లక్ష్మీపూజ వెళ్ళిన మర్నాడు, ఆఫీసులో నెమలి తోక సన్నం చేస్తుంటే ఫోను మోగింది.

"దీదీమణీ, గోష్ఠని. శిలిగుడి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఏదో చోట నా నంబరు చూశాడట."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "సింహం కావాలన్నాడా?"

"కావాలన్నాడు. వాళ్ళ ఆఫీసులో పెద్దగుమాస్తా రిటైరవుతున్నాడట. ఆయనకు ఇవ్వడానికి. మెడలో టై కట్టాలట."

మళ్ళీ కూర్చున్నాను. నేను విసిరిన వెటకారం ఊరంతా తిరిగి తిరిగి చివరికి ఆయన కుంచె దగ్గరికే వెళ్ళింది. "వద్దనండి గోష్ఠ-దా. అదంతా నా పిచ్చిరాత వల్ల వచ్చింది. అలాంటిది మీరు వేయక్కర్లేదు."

"ఎందుకు వేయను? టై వాడిది, మొహం నాది. మొహం మార్చనని ముందే చెప్పాను. పంజా కింద పేరు రాస్తానని కూడా చెప్పాను, సరేనన్నాడు. కానీ నేను జన్మలో టై కట్టలేదు. ముడి ఎటు పడుతుందో తెలీదు. మంచి టై బొమ్మ ఒకటి పంపుతారా?"

"ఇవాళే పంపుతాను."

"వచ్చే బుధవారానికి అయిపోతుంది. ఫొటో తీసుకుంటానంటే రండి," అన్నాడు గోష్ఠ-దా. "ఈసారి కాస్త వెనక్కి నిలబడి తీయండి."